ఎనెలేసి రేకుపెట్టె

మా నామిలోంగో ఆరోగ్యకేంద్రంలో పన్నెండేళ్ళు నర్సుగా చేసి నేను తెలుసుకున్నదేమిటంటే, ఆడదాని ఒళ్ళు దేవుడి లెక్కలో ఒకటి, ప్రభుత్వం లెక్కలో రెండు. ఆవరణకు తూర్పు చివర పచ్చరేకుల గది హెచ్‌ఐవి మందులది. దానికి మంగళవారం. పడమటి చివర ఇటుక గది కాన్పులది, పిల్లలు పుట్టకుండా వేసే సూదులది. దానికి గురువారం. పది కిలోమీటర్లు నడిచొచ్చే మనిషికి రెండూ కావలసొస్తే రెండుసార్లు నడవాలి. ఆ రెండు గదుల మధ్య గట్టిగా వంద అడుగులుండవు. అయినా ఒక్క కాగితం ఇటునుంచి అటు వెళ్ళడం నేను చూడలేదు. ఎవరి రోజున వాళ్ళు, పొద్దున్నే రెండు వరండాల్లోనూ ఆడవాళ్ళు అవే ఆరోగ్యం పాటలు పాడేవాళ్ళు. ఆ పాటలు మాత్రమే రెండు గదులకీ ఉమ్మడి, అదీ శ్రుతి కలవకుండా.

మంగళవారం తూర్పు వరండాలో ఎవరు కూర్చున్నారో సాయంత్రానికల్లా సంతలో టమాటాలమ్మే మనిషికి కూడా తెలిసిపోయేది. అందుకని ఆడవాళ్ళు రెండు పుస్తకాలు పెట్టుకునేవాళ్ళు. ఇక్కడ ప్రతి మనిషికీ అరచేతంత ఆరోగ్యపుస్తకం ఒకటుంటుంది. వైద్యం చేసినవాళ్ళు ఏం రాసినా అందులోనే రాస్తారు. మొగుడు చూసినా మేనమామ చూసినా ఫరవాలేనిది మొదటి పుస్తకం. జ్వరాలు, దగ్గులు అందులో ఉంటాయి. ఎవరి కంటా పడకూడనిది రెండోది. ఆ రెండో పుస్తకాలు ఉండే చోటు ఎనెలేసి ఇంట్లో మంచం కింది రేకుపెట్టె.

ఎనెలేసి మా దగ్గర ఊడ్చి, తడిగుడ్డ పెట్టే మనిషి. యాభై దాటాయి. తడిగుడ్డ పట్టుకుని వచ్చిందంటే ఎదురుగా ఉన్నది జిల్లా అధికారైనా సరే, "కాళ్ళెత్తు నాయనా" అనాల్సిందే, ఆయన ఎత్తాల్సిందే. ఆమెకు చదువు రాదు. పెట్టెలో ఏ పుస్తకం ఎవరిదో అట్టను బట్టి చెప్పేది. పంచదార సంచి చుట్టినది ఒకరిది, సిమెంటు సంచి కాగితం చుట్టినది ఇంకొకరిది, పాత చీటిగుడ్డ కుట్టినది మరొకరిది. చదువు రానిదాని దగ్గర దాచుకుంటే భయమేముందని మొదట ఎవరో తెచ్చి ఇచ్చారు. తరవాత ఒకరిని చూసి ఒకరు ఇచ్చారు. నేను వచ్చేనాటికే నలభైకి పైగా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండేది. "పెద్దమ్మా, నువ్వు చేస్తున్నది మంచి పనా? ఇటు సూది వేసే నాకు ఆమె ఏ మందులు వాడుతుందో తెలియదు. అటు మందులిచ్చేవాళ్ళకి ఆమె కడుపుతో ఉందో లేదో తెలియదు. నువ్వు ఆ పెట్టెకు తాళమేసి కూర్చున్నావు," అని దెబ్బలాడేదాన్ని.

"మరి మీ రెండు గదులకీ మధ్య గోడెవరు కట్టారు, నేనా?" అనేది. "నా దగ్గర లేకపోతే చూరులో దాస్తారు నర్సమ్మా. చూరులో దాస్తే ఏమవుతుందో నాకు తెలుసు."

ఆమెకు నిజంగానే తెలుసు. ఆమె మొగుడి పేరు ఫ్రైడే, టీ తోటల్లో పనిచేసేవాడు. చిక్కి శల్యమై ఇంటికొచ్చి చనిపోయాడు. దినాలైపోయాక చూరు గడ్డి మారుస్తుంటే అతని పుస్తకం జారి కింద పడింది. పక్కింటి పిల్ల చేత చదివించుకుంది. మూడేళ్ళ కిందట పరీక్ష చేయించుకున్నాడు. మూడేళ్ళ కిందటి ముద్ర ఉంది. అది చదివించుకుంటున్నప్పుడు ఆమె చంకలో రెండేళ్ళ పిల్ల, ఆఖరుది, జ్వరంతో కాలిపోతోంది. మరుసటేడు మొక్కజొన్న కంకి పట్టకముందే ఆ పిల్ల పోయింది.

"ఆ మూడేళ్ళలో ఈ పడమటి గదికి నేను ఎన్నిసార్లొచ్చాను? కడుపుతో వచ్చాను, కాన్పుకొచ్చాను, పిల్లని తూకానికి తెచ్చాను. తెల్లకోటేసుకున్న ఒక్కతయినా నన్ను పరీక్ష చేయించుకోమందా? అది మా గది పని కాదు, అటెళ్ళి అడుగు అన్నారు. ఎటు అడగాలో, ఏమడగాలో నాకేం తెలుసు?" అని నాకు ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు.

అందుకే ఆ పెట్టె. ఎవరి మందులు ఏ వారానికి అయిపోతాయో ఆమెకు నోటికొచ్చు. ఆ వారం రాకపోతే ఇంటికెళ్ళి మరీ తిట్టేది. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా తిట్టాలి కదా, అందుకని కోడి గురించో మేక గురించో తిట్టేది. "మీ మేక మేతకు రాలేదేం, చస్తే నాకు సంబంధం లేదు" అంటే తెలియాల్సినవాళ్ళకు తెలిసేది.

ఇక ఆ పెట్టెలో ఆమె నిద్ర పాడుచేసిన పుస్తకాలు రెండున్నాయి. ఒకటి పంచదార సంచిలో చుట్టినది, మలీటాది. ఇంకొకటి సైకిలు ట్యూబు ముక్కలో చుట్టినది, లాస్తెన్‌ది. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఇద్దరికీ జబ్బు ఉంది, ఇద్దరూ రోజూ అదే మాత్ర మింగుతున్నారు, ఒకే గుడిసెలో, ఒకరికి తెలియకుండా ఒకరు. పెళ్ళికి ముందే తెలిసిన సంగతి ఇద్దరూ దాచారు. వేర్వేరు మంగళవారాల్లో, వరండా ఖాళీ అయ్యాక వెనక గుమ్మంలో మందులు తీసుకునేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ విడివిడిగా ఎనెలేసి దగ్గరకొచ్చి, ఆమె పోగొట్టుకున్న బిడ్డ పేరు మీద ఒట్టు వేయించుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎనెలేసి నాలుగేళ్ళు నోరు కుట్టుకుంది. ఆమెకు నోరు కుట్టుకోవడమంటే ఎంత కష్టమో ఆమె తిట్లు తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

లాస్తెన్ సైకిలు మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పేవాడు. వెనక సీటుకు మలీటా కుట్టిన ఎర్రగుడ్డ మెత్త ఉండేది. మందులున్న గుడ్డమూట ఆ మెత్తలోనే దాచేవాడు. ఆమె తన మూట కందుల కుండలో దాచుకునేది. ఆ మాత్రలు తన మగతనాన్ని కాల్చేశాయని అతని నమ్మకం. బిడ్డ పుడితే జబ్బుతో పుట్టి చస్తుందని ఆమె భయం. అందుకని మూడు నెలలకోసారి గురువారం నా దగ్గరకొచ్చి ఎడమచేయి చాపేది. నేను సూది గుచ్చి, మా గది చిట్టాలో తేదీ రాసి, తరవాతెవరు అని పిలిచేదాన్ని. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పటికి నాకు మలీటా అంటే ఒక ఎడమచేయి.

నేను ఉత్తరాన పుట్టినదాన్ని. మా వైపు పెళ్ళయితే ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుంది. ఈ కొండ కింద మొగుడే చాప చంకన పెట్టుకుని పెళ్ళాం ఊరికొస్తాడు. ఇల్లు ఆమెది, పొలం ఆమెది, పుట్టే పిల్లలు ఆమె వంశానివాళ్ళు. పెత్తనం మేనమామది. మొగుణ్ణి పిల్లల కోసం తెచ్చుకున్న కోడిపుంజని ఎదురుగానే అంటారు, అతనూ నవ్వేస్తాడు. నాలుగేళ్ళు నవ్వి లాస్తెన్‌కు నవ్వు అయిపోయింది.

మలీటా మేనమామ బిజ్విక్. పొద్దుతిరుగుడు తోటకు వెళ్ళినా మెడలో టై తీయడు. ఆ ఏడు జూన్‌లో, నలుగురి ముందూ తేల్చి చెప్పాడు. "కందికోత అయ్యేలోపు మా పిల్ల కడుపు పండకపోతే, ఈ పుంజుని దాని ఊరు పంపించేస్తా. ఇంకోటి చూస్తా. మేత దండగ." కోత తరవాత మొదటి శనివారం రెండు వైపుల పెళ్ళిపెద్దల్నీ పిలిపించి తెగతెంపులు చేస్తానన్నాడు. అన్నాడంటే చేసే మనిషే.

ఆ జూన్‌లోనే జిల్లా నుంచి మాకు హుకుం వచ్చింది. ఒకే గది, ఒకే రోజు, ఒకే పుస్తకం. హెచ్‌ఐవి మందులూ, కాన్పులూ, సూదులూ అన్నీ ఇకమీదట కలిపి చూడాలి. ఏడేళ్ళ నుంచి నేను మొత్తుకుంటున్నది అదే. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని నవ్వుకున్నా, లోపల మాత్రం సంతోషించాను. రెండు బళ్ళ నిండా మనుషులు దిగారు. ఉపన్యాసాలిచ్చారు, కోడికూర తిన్నారు, మాకు తలా ఒక బనియను ఇచ్చారు. వెళ్ళేముందు గది గుమ్మం మీద ఇంత పొడుగు రేకు బోర్డు కొట్టారు: "హెచ్‌ఐవి మందులు ఇచ్చట ఇవ్వబడును," దాని కింద చిన్న అక్షరాల్లో మిగతావన్నీ.

సోమవారం ఆ గుమ్మంలోకి ఒక్క మనిషి రాలేదు. దగ్గు అని వచ్చినవాళ్ళు కూడా బోర్డు చూసి, దగ్గు తగ్గిపోయిందని వెళ్ళిపోయారు. ఇంత చదువుకున్నవాళ్ళు ఆ బోర్డు రాయించడానికి ఎన్ని మీటింగులు పెట్టుకున్నారో ఏమో.

మంగళవారం పొద్దున బోర్డు లేదు. ఎనెలేసి కోళ్ళగూటికి కొత్త కప్పు వచ్చింది, అక్షరాలు లోపలి వైపుకి.

"జిల్లావాళ్ళు అడిగితే ఏం చెప్పను?" అన్నాను.

"గాలికెగిరిపోయిందని చెప్పు. ఈ ఏడు చలికాలపు జల్లు మోసుకొచ్చే చిపెరోని గాలి గట్టిగానే వీస్తోందిగా. కోళ్ళకి చదువు రాదులే, సిగ్గుపడవు."

మనుషులు రావడం మొదలుపెట్టారు. కాని వరండాలో రెండు బల్లలుంటే, ఎవరూ చెప్పకుండానే, పాత మంగళవారంవాళ్ళు ఎడమ బల్ల మీదా పాత గురువారంవాళ్ళు కుడి బల్ల మీదా సర్దుకున్నారు. చూసేవాళ్ళకు బోర్డు కూడా అక్కర్లేదు. రెండో రోజు ఎడమ బల్ల కాలు విరిగింది. గొడ్డలి గాటు నాకు కనబడింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆరుగురు పట్టే బల్ల మీద పన్నెండుమంది ఇరుక్కుని కూర్చుంటే ఎవరు ఎందుకొచ్చారో బ్రహ్మకు కూడా తెలియదు. ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలిందని తగువులు మాత్రం రోజూ నేను తీర్చేదాన్ని.

మిగిలింది ఒకే పుస్తకం. అక్కడే అందరూ మొండికేశారు. ఒకటే పుస్తకమైతే అది ఇంటికెళ్తుంది, ఇంటికెళ్తే కొంపలంటుకుంటాయి. అధికారి ఫోనులో నెలాఖరు గడువు అంటాడు. ఆడవాళ్ళు ఇవ్వం అంటారు. మధ్యలో నా తల వాచింది. చివరికి నేల తుడుస్తూ, తలెత్తకుండానే ఎనెలేసి అంది: "కొందరివి దాస్తేనే దాచినట్టు. అందరివీ ఇక్కడే బీరువాలో పెట్టించు. దగ్గుకొచ్చినవాళ్ళవీ, గజ్జికొచ్చినవాళ్ళవీ, ఆ టై కట్టుకునే బిజ్విక్‌ది కూడా. ఊరందరి పుస్తకాలూ ఇక్కడుంటే, నా పుస్తకం ఇంట్లో లేదేమని ఎవడడుగుతాడు?"

ఇంత చిన్న మాట మాకెవరికీ తట్టలేదు. అలాగే చేశాం. ఎనెలేసి ఒక్కొక్కరినే ఇంటికి పిలిచి పెట్టెలోని పుస్తకం చేతిలో పెట్టేది. వాళ్ళే తెచ్చి బీరువాకిచ్చేవాళ్ళు. పెట్టె తేలికవుతున్నకొద్దీ ఆమె చిరాకు పెరిగింది. నెలాఖరుకు కందికోత అయిపోయింది. బిజ్విక్ పెళ్ళిపెద్దలకు కబురంపాడు. శనివారం ఇంక రెండ్రోజులే ఉంది.

గురువారం మధ్యాహ్నం అన్నం వేళకు నేను ఎనెలేసి ఇంటికెళ్ళాను. నెలకోసారి గుమ్మడాకుల కోసం ఆ ఇంటికి వెళ్ళడం నాకు అలవాటు. సన్నటి జల్లు పడుతోంది. లోపల చాప మీద మలీటా కూర్చుని ఉంది. పంచదార సంచి చుట్టిన పుస్తకం ఆమె ఒళ్ళో ఉంది. నన్ను చూసి దాన్ని గుడ్డ కిందకు తోసింది.

"ఇవాళ ఆకుల్లేవు నర్సమ్మా," అంది ఎనెలేసి. "వచ్చినదానివి వచ్చావు, పొయ్యి దగ్గర కూర్చో. నోరు మాత్రం తెరవకు." చీపురు పట్టుకుని తను గుమ్మం దగ్గర కూర్చుంది.

బయట సైకిలు గంట మోగింది. లాస్తెన్ తల వంచుకుని లోపలికొచ్చాడు. "పెద్దమ్మా, తొందరగా ఇచ్చెయ్యి, రోడ్డు మీద బేరం ఎదురుచూస్తోంది," అంటూ తలెత్తి, అలాగే ఉండిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అంది మలీటా.

"గుమ్మడాకులకి."

"మన పెరట్లో లేవా?"

"ఉన్నాయనుకో. మరి నువ్వు?"

"నేనూ గుమ్మడాకులకే."

"నా పాదు ఎండిపోయి రెండు నెలలైంది," అంది ఎనెలేసి. "ఊళ్ళో సగం మంది గుమ్మడాకులకే వస్తారు నా ఇంటికి. ఆకు మాత్రం ఒక్కళ్ళూ తీసుకెళ్ళరు." నేను పొయ్యి వంక చూస్తూ కూర్చున్నాను.

ఆమె పెట్టెలోంచి సైకిలు ట్యూబు చుట్టిన పుస్తకం తీసింది. మలీటా ఒళ్ళో గుడ్డ ఎత్తి రెండోదీ తీసింది. రెండూ చాప మీద పక్కపక్కన పెట్టింది. "నేను ఒట్టు తప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి వస్తువు వాళ్ళకిచ్చాను. ఇంక మీ ఇష్టం."

మలీటా ముందు లాస్తెన్‌ది తీసి తెరిచింది. అది చూసి అతను ఆమెది తెరిచాడు. ఇద్దరూ ఆరో తరగతి దాకా చదువుకున్నవాళ్ళే. ఆ పుస్తకాల్లో చదవడానికి పెద్దగా ఏం లేదు, మందు పేరు, తేదీ, మందు పేరు, తేదీ.

"టీ తోటల్లో పనిచేసేటప్పుడు దగ్గుకెళ్తే చెప్పారు," అన్నాడు లాస్తెన్. "పెళ్ళికి ముందే."

"నాకూ ముందే."

"కందుల కుండలో మూట నేను చూశాను. రెండేళ్ళ కిందట."

మలీటా తలెత్తింది.

"పిల్లలు పుట్టకుండా మింగే మాత్రలనుకున్నా. నా బిడ్డ నీకు ఇష్టం లేదనుకున్నా."

"అనుకుని?"

"మళ్ళీ మూత పెట్టేశా."

"అడగొచ్చుగా."

"అడిగితే నిజమే చెప్తావేమోనని."

మలీటా ఏడుపు లంకించుకుంది. ఏడుస్తూనే అతని భుజం మీద పుస్తకంతో కొట్టింది, గట్టిగానే. "నీకు అంటిస్తున్నానని నాలుగేళ్ళు చచ్చాను. మా మామ నిన్ను మాటలంటుంటే నోరు మూసుకుని ఉన్నాను. తప్పు నాదే, సూది వేయించుకుంటున్నది నేనేనని చెప్పలేక చచ్చాను."

"సూదా?" అన్నాడు లాస్తెన్.

అప్పుడు నాకు కోపం ఆగలేదు. నోరు తెరవొద్దన్న మాట మరిచిపోయి ఇద్దరినీ కడిగేశాను. మందులు సరిగ్గా మింగుతుంటే, రక్తంలో జబ్బు అణిగిపోతే, కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ ఒక్కరోజు తప్పకపోతే, పుట్టగానే బిడ్డకు చుక్కల మందు వేస్తే, ఆరోగ్యంగా బిడ్డను కనొచ్చు, ఈ కొండ కింద ఎంతమంది కనలేదు, అడిగితే చెప్పేదాన్ని కదా అని అరిచాను.

"అడగలేదమ్మా, నిజమే," అంది మలీటా ముక్కు తుడుచుకుంటూ. "మీరూ అడగలేదు."

అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. పదహారు సూదులు వేశాను ఆ చేతికి. పిల్లలు కావాలా తల్లీ అని ఒక్కసారి అడిగి ఉంటే నోరు అరిగిపోయేది కాదు. తూర్పు గదిలో మందులిచ్చేవాళ్ళూ అడగలేదు, అది వాళ్ళ గది పని కాదు. ఎనెలేసి బిడ్డ పోయి పదిహేనేళ్ళైనా మేము ఇంకా అదే మాట దగ్గరున్నాం.

తరవాత ఎనెలేసిని నిలదీశాను. "ఇద్దర్నీ ఒకే వేళకి పిలిచావు. అతను చెయ్యి చేసుకుని ఉంటే? వదిలేసి పోయుంటే?"

"ముసలిదాన్ని, వారాలు గుర్తుండవు, పొరపాటు పడ్డాను," అంది. నలభై మంది మందుల వారాలు నోటికి చెప్పే మనిషి. మళ్ళీ తనే, "చీపురు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నది ఊడవడానికనుకున్నావా?" అంది.

శనివారం పంచాయితీకి నేను వెళ్ళలేదు. ఎనెలేసి పొద్దుతిరుగుడు గింజలు కొనే వంకతో వెళ్ళి, సోమవారం నేల తుడుస్తూ నాకు చెప్పింది. పెళ్ళిపెద్దలు కూర్చున్నారు. బిజ్విక్ టై సవరించుకుని మొదలుపెట్టబోతుంటే మలీటా లేచిందట. పిల్లలు పుట్టకుండా సూది వేయించుకుంటున్నది తనేనని, పుంజు తప్పేం లేదని చెప్పిందట. జబ్బు సంగతి ఎత్తలేదు. అది మొగుడూ పెళ్ళాల మధ్య మాట, మేనమామకెందుకు.

"మా వంశం గుమ్మానికి తాళమేసి తాళంచెవి గవర్నమెంటు చేతికిచ్చావా?" అని గుడ్లురిమాడట బిజ్విక్.

"ఇచ్చాను మామా. మళ్ళీ తెచ్చేసుకున్నాను. రెండు కందికోతలు గడువివ్వు."

"మరి ఈ పుంజుకి నోరు లేదా?"

"కూసే వేళకి కూస్తాను మామా," అన్నాడట లాస్తెన్. పెద్దలు నవ్వారు. నవ్విన పంచాయితీలో తెగతెంపులు కుదరవు. రెండు కోతలు గడువు దొరికింది.

సూది మానగానే కడుపు రాదు, ఒంట్లోంచి ఆ మందు దిగాలి. మలీటా నెలనెలా వచ్చి నా ప్రాణం తోడేసేది. మొదటి కోత వెళ్ళిపోయింది. బిజ్విక్ ఒక వేలు మడిచి చూపించాడట. రెండో కోతకు ఇంకా రెండు నెలలుందనగా ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. ఆ కాన్పు నేనే చేశాను. ఆడపిల్ల. బల్ల మీద పిల్ల ఏడుపు ఆగకముందే, నేను అడగకముందే, చుక్కల మందు సీసా నా ముందుకొచ్చింది. పట్టుకున్నది ఎనెలేసి. ఆ గదిలోకి ఊడ్చేవాళ్ళు రావద్దని గుమ్మం మీద రాసి ఉంది. పిల్లకు తిలితోన్సే అని పేరు పెట్టారు, మనం కలిసే ఉన్నాం అని. బిజ్విక్ ఆ పేరు తనే ఎంచానని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆరువారాలకు పిల్ల మడమ నుంచి రక్తపు చుక్క తీసి పంపాం. ఫలితం ఐదువారాలకొచ్చింది, బండికి పెట్రోలు లేదట. జబ్బు లేదు. మలీటా చిందులేసింది. "ఇంకా పాలు తాగుతోంది. రెండేళ్ళు నిండి ఆఖరు పరీక్ష అయ్యేదాకా నా ముందు చంకలు గుద్దుకోకు. మాత్ర వేసుకున్నావా ఇవాళ?" అని తిట్టింది ఎనెలేసి. ఏడాదికి ఇంకో పరీక్ష. లేదు. పిల్లకు రెండేళ్ళు నిండాక, పాలు మానిపించాక, ఆఖరి పరీక్ష. ఆ రోజు పుస్తకంలో నేను రాశాను. జబ్బు లేదు.

పిల్ల మా వరండాలో తడినేల మీద పరుగెత్తి జారిపడింది. ఎనెలేసి తిట్టలేదు. లేవనెత్తి, గుమ్మంలోనే కూలబడి, పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. తనది కూడా ఆ వయసుదే పోయింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఆమె బిడ్డ కోసమే కాదు.

సాయంత్రం ఆమె నా గదికొచ్చింది. "పెట్టె ఎప్పుడో ఖాళీ అయింది నర్సమ్మా. కోడిపిల్లలకి పెట్టుకుందామనుకుంటున్నా. అడుగున ఒకటే ఉండిపోయింది, నీలం గుడ్డ కుట్టింది."

నేను లేచి తలుపు దగ్గరగా వేశాను.

"పాదు ఎండిపోయిందని ఆ రోజే చెప్పాగా," అంది. "అయినా నువ్వు నాలుగేళ్ళుగా ఆకులకని వస్తూనే ఉన్నావు."

ఆ నీలం గుడ్డ పుస్తకం నాది. ఉత్తరం నుంచి ఇంత దూరం బదిలీ అడిగి వచ్చింది దాన్ని దాచుకోవడానికే. మూడు నెలలకోసారి ఎవరికీ తెలియని పట్నానికి బస్సులో వెళ్ళి మందులు తెచ్చుకునేదాన్ని. నా గదిలో పెట్టుకుంటే పక్క క్వార్టర్లో ఉండే వైద్య సహాయకుడి భార్య ఉప్పుకో చింతపండుకో వచ్చి సొరుగులు తీస్తుందని, వచ్చిన కొత్తలోనే నేనూ ఆ పెట్టెలో చేర్చమన్నాను. ఎనెలేసితో దెబ్బలాడిందీ నేనే. ఊళ్ళోవాళ్ళను మూఢులని తిట్టిందీ నేనే. గురివింద తన నలుపెరగదంటారు. నాకు తెలుసు, తెలిసే తిట్టాను.

మర్నాడు సెలవు పెట్టాను. తెల్లకోటు లేకుండా మామూలు గుడ్డ చుట్టుకుని, నీలం పుస్తకం చేత్తో పట్టుకుని మా కేంద్రం వరండాకే వెళ్ళాను. బల్ల మీద పదకొండు మంది ఉన్నారు. నన్ను చూస్తే సర్దుకుని ముందుకు జరుపుతారేమో, ఎందుకొచ్చారని అడుగుతారేమో, ఏం చెప్పాలో రాత్రంతా అనుకుని వచ్చాను. ఎవరూ ఏం అడగలేదు. నేను గుమ్మం వైపు రెండడుగులు వేయగానే చివర కూర్చున్న ముసలామె నా గుడ్డ పట్టుకుని వెనక్కి లాగింది.

"నర్సమ్మవైతే మాత్రం, వరస వరసే. మేం తెల్లారినుంచి ఉన్నాం. చివరకెళ్ళి కూర్చో."

కూర్చున్నాను. ఆమె మోచెయ్యి నాకు గుచ్చుకుంటోంది, జరగమంటే జరగలేదు. అటు నుంచి ఎనెలేసి తడిగుడ్డ లాక్కుంటూ వచ్చి, నా ముందు ఆగి, నా మొహం వైపు చూడకుండా, "కాళ్ళెత్తు," అంది.